కోడలి పుట్టింటి గుర్తులు: పత్రిక ముక్క, పట్టుచొక్కా దాచేదెలా?

ప్రశ్న: మా కోడలిని పసిబిడ్డగా చైనా అనాథాశ్రమం నుంచి అమెరికా దంపతులు దత్తత తీసుకున్నారు. ఇప్పుడు మా అబ్బాయితో నెల్లూరు వచ్చి మా దగ్గరే ఉంటోంది. ఎర్ర పట్టుచొక్కా, తన గురించి అక్కడి పత్రికలో వేసిన ప్రకటన ముక్క, ఎర్ర ముద్రలున్న కాగితాలు, తనతోపాటు దొరికిన చీటీ తెచ్చుకుంది. పత్రిక ముక్క పసుపెక్కి విరుగుతోంది. లామినేషన్ చేయించి దేవుడి గదిలో పెట్టమంటారా? చొక్కా ఉతకొచ్చా?
– ఒక అత్తగారు, నెల్లూరు

జవాబు: లామినేషన్ వద్దమ్మా. ఆ వేడికి ముద్రలు చెదరవచ్చు, అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. దేవుడి గదిలో దీపం మసి, అగరొత్తి పొగ పడతాయి కాబట్టి అక్కడా వద్దు.

ఆ ప్రకటనకు విలువ ఎక్కువ. బిడ్డ ఎక్కడ దొరికిందో చెప్పి, కన్నవాళ్లెవరైనా ఉంటే 60 రోజుల్లో రమ్మని వేసేవారు. ఎవరూ రాకపోతేనే దత్తతకు ఇచ్చేవారు. 1992 నుంచి 2024లో చైనా విదేశీ దత్తతలను ఆపేసేదాకా లక్షా అరవై వేలమందికి పైగా పిల్లలు విదేశాలకు దత్తత వెళ్లారు. వాళ్లలో చాలామందికి తొలిరోజుల ఆధారం ఇలాంటి ముక్కే.

ముందు దాన్ని రెండువైపులా 600 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేయించండి. వెనక ఉన్న అక్షరాలూ పనికొస్తాయి. మడత విప్పేటప్పుడు బలవంతం చేయొద్దు, ఇస్త్రీ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు. పిన్నులుంటే తుప్పు పట్టకముందే తీసేయండి. ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి, పాలిప్రొపిలీన్ కవరులో ఉంచండి. పీవీసీ కవరు సిరాను లాగేస్తుంది. ఉదయగిరి చెక్కపెట్టె అందంగానే ఉంటుంది గానీ చెక్కలోంచి వచ్చే ఆవిరి కాగితాన్ని ఇంకా పసుపెక్కిస్తుంది.

చీటీలో తేదీ ఉంటే జాగ్రత్తగా చదివించండి. చైనా పల్లెల్లో పుట్టినరోజు చాంద్రమానంలోనే రాసేవారు. మన తిథుల్లాగే వాళ్ల నెల అమావాస్యతో మొదలవుతుంది, 15వ రోజు పౌర్ణమి దగ్గర పడుతుంది. ఎనిమిదో నెల అంటే ఆగస్టు కాదు, ఎక్కువగా సెప్టెంబరు–అక్టోబరు. చీటీ లేని పిల్లలకు ఆశ్రమంవాళ్లే అంచనాగా తేదీ వేసేవారు కనుక, పాస్‌పోర్టు తేదీతో తేడా వస్తే కంగారుపడకండి.

చొక్కా ఉతకొద్దు. ఎర్ర రంగు దిగుతుంది. ఎండలో కాక నీడలో ఫ్యాను గాలి తగలనిచ్చి, గంజి పోయేలా ఉతికి ఆరేసిన తెల్ల మల్లుగుడ్డలో చుట్టండి. గంజికి వెండిచేప (సిల్వర్‌ఫిష్) పురుగులు వస్తాయి. మడతల్లో గుడ్డ చుట్టలు పెడితే పట్టు అక్కడ పగలదు. నాఫ్తలీన్ ఉండలు, వేపాకు తాకనివ్వొద్దు.

బీరువాను బయటిగోడకు ఆనించకండి. వీటిని దాచే గాలి చొరబడని డబ్బాలో 50 గ్రాముల సిలికా జెల్ పొట్లాలు రెండు, చిన్న తేమ మీటరు పెట్టండి. తేమ 45–55 శాతం చాలు. మన దగ్గర అసలు వాన అక్టోబరు–డిసెంబరులో కాబట్టి దసరాకు ముందొకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి తెరిచి చూడండి.

వీటన్నిటికీ ముందు కోడలిని అడగండి. ఆ కాగితాల ఫొటోలు బంధువుల వాట్సాప్‌లో పెట్టొద్దు. "నిన్ను కన్నవాళ్లెవరు?" అని ఎవరైనా అడిగితే, చెప్పాలో లేదో ఆమె ఇష్టం, మీరు మాట మార్చి ఆదుకోండి. స్కాన్ల ప్రతి ఒకటి అమెరికాలోని ఆమె అమ్మానాన్నల దగ్గర, ఒకటి మీ దగ్గర ఉండాలి. ఆమె ఎప్పుడైనా ప్రయాణమైతే అసలువి ఆమెతోనే, విమానంలో చేతిసంచిలోనే వెళ్లాలి.