పండుగ వెళ్ళిపోయినా ముగియని ఉపవాసం

చిట్టితల్లికి పెద్దమ్మ దీవెనలు.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో మొదలుపెట్టిన ఉపవాసం, ఆ ఈస్టరు, అదే మన పాస్కా పండుగ, వచ్చి వెళ్ళినా నువ్వు వదల్లేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. "దానికి భక్తి పెరిగింది అక్కా, వద్దనడానికి నోరు రావడం లేదు" అంది. అందుకే నేరుగా నీకే రాస్తున్నాను. నర్సుగా వార్డుల్లో జీవితమంతా గడిపినదాన్ని, జ్ఞానస్నానం రోజున నిన్ను చేతుల్లోకి తీసుకున్న జ్ఞానతల్లిని. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

పండక్కి వచ్చినప్పుడు నిన్ను గమనించాను. ఏప్రిల్ ఎండకు మేమంతా ఉడికిపోతుంటే నీకు చలేస్తోందని ఫ్యాను ఆపించావు. పొద్దున ఒక్క ఇడ్లీని గోరంత ముక్కలుగా తుంచి, చట్నీలో అటూ ఇటూ జరుపుతూ అందరూ లేచేదాకా కూర్చున్నావు. ముక్కలన్నీ పళ్ళెం అంచుకు చేర్చి చెయ్యి కడిగేసుకున్నావు. మధ్యాహ్నం బిర్యానీ వడ్డించే వేళకు గుడికెళ్ళి జపమాల చెప్పుకుంటానని బయల్దేరావు. నీ దువ్వెన నిండా జుట్టే. అలాంటి పళ్ళేలు నేను వార్డులో చూశానమ్మా. వాటి ముందు కూర్చున్న పిల్లలెవరూ అబద్ధాలకోరులు కాదు. భయంతో ఉన్నవాళ్ళు.

నీకేం జబ్బుందో నేను తేల్చి చెప్పలేను, అది డాక్టరు చెప్పాలి. కానీ కొన్ని ప్రశ్నలకు నీలో నువ్వు జవాబు చెప్పుకో. నెలసరి సరిగ్గా వస్తోందా? లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా? రోజుకెన్నిసార్లు బరువు చూసుకుంటున్నావు? ఒక ముద్ద ఎక్కువ తింటే పాపం చేసినట్టు అనిపించి, దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలనిపిస్తోందా? పగలంతా పస్తుండి, రాత్రి ఎవరూ చూడనప్పుడు ఆపుకోలేక తినేసి ఏడుస్తున్నావా? ఇదీ తిండి చుట్టూ తిరిగే మానసిక జబ్బుల్లో, ఈటింగ్ డిజార్డర్లంటారే, వాటిల్లో ఒకటే. మనిషి బక్కచిక్కి కనబడాలనేం లేదు, మగపిల్లలకూ వస్తుంది.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యమైనది ఇంకొకటుంది. ఫాదర్ గారు "ఇక చాలమ్మా, తిను" అంటే మనసు కుదుటపడి తినగలవా? లేక గుండె దడదడలాడి, తప్పించుకోవడానికి దారి వెతుకుతావా? ఉపవాసానికి మొదలూ ముగింపూ ఉంటాయి. విడవమన్నప్పుడు విడవగలిగితే అది నువ్వు దేవునికిచ్చిన కానుక. విడవలేకపోతున్నావంటే పట్టు నీ చేతిలో లేదన్నమాట.

తల్లి శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం కూడా నిన్ను ఇంత అడగలేదు. 18 నుంచి 59 ఏళ్ళ మధ్యవాళ్ళకు కట్టడి చేసిన ఉపవాసాలు తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే అనే పవిత్ర శుక్రవారం, రెండే. ఆ రోజుల్లోనూ ఒక పూట కడుపునిండా, మరో రెండు పూటలు కొద్దికొద్దిగా తినొచ్చు. ఒంట్లో బాగాలేనివాళ్ళకు అదీ లేదు. పైగా పాస్కా నుంచి పెంతెకోస్తు దాకా 50 రోజులూ సంతోషించమని ఇచ్చిన కాలం.

ఉపవాసాలకు పేరుపడిన ఇటలీ పునీతురాలు సియెన్నా కతేరినమ్మ గారి గురించి నువ్వు చెప్పావని అమ్మ అంది. అవును, ఆమె తినలేకపోయేది. తినమని గురువులు చెబితే ప్రయత్నించేది, ఒంటికి పట్టేది కాదు. దాన్ని ఆమె గొప్పగా చెప్పుకోలేదు, తన బలహీనతగానే ఎంచి, అందరిలా తినే భాగ్యం ఇమ్మని దేవుణ్ణి వేడుకున్నట్టు ఒక ఉత్తరంలో రాసింది. 1380లో, 33 ఏళ్ళకే పోయింది. ఆమె ప్రేమను తీసుకో తల్లీ, ఆమె పస్తును కాదు. మార్కు సువార్త 5వ అధ్యాయం తీసి చూడు. చనిపోయిన పన్నెండేళ్ళ పిల్లను ప్రభువు చెయ్యిపట్టి లేపాడు. లేపిన వెంటనే ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. ఆ మాట నీ గురించే అన్నట్టు చదువుకో.

ఇక చెయ్యాల్సింది. ఈ ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారిని కలువు. పాపసంకీర్తనంలో చెప్పింది ఆయన బయట మాట్లాడలేరు కాబట్టి, విడిగా కూర్చుని చెప్పు. "ఫాదర్, ఉపవాసం మానాలనుకున్నా మానలేకపోతున్నాను" అను చాలు. ఎవరైనా "ఇంకా ప్రార్థన చెయ్యి, డాక్టరెందుకు" అంటే వినొద్దు. ప్రార్థన మానకు, డాక్టరునూ మానకు.

ముందు జనరల్ ఫిజీషియన్. బీపీ, నాడి, ఈసీజీ, రక్తంలో పొటాషియం చూస్తారు. ఆ తర్వాత సైకియాట్రిస్టు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే ఎగతాళి చేసేవాళ్ళుంటారు, చెయ్యనీ. ఉస్మానియా, గాంధీలోనూ ఆ విభాగాలున్నాయి. అంతదాకా ఆగలేని రాత్రి 14416కు ఫోను చెయ్యి. టెలి మానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. నీరసమని సందు చివర ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు ఎక్కించుకోవద్దు. నా మాట విని ఒకేసారి బోలెడు తినెయ్యనూ వద్దు. చాన్నాళ్ళు మాడిన ఒంట్లోకి తిండి ఒక్కసారిగా వెళ్తే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. ఎంతతో మొదలుపెట్టాలో డాక్టరు చెప్పాలి. స్పృహ తప్పినా, గుండె లయ తప్పినట్టున్నా, ఛాతీలో నొప్పి వచ్చినా, చచ్చిపోవాలనిపించినా 108కి ఫోను చెయ్యి, రూమ్మేటును లేపు. ఆ క్షణంలో మొహమాటం వద్దు.

సంబంధాలు చూసే వయసులో ఈ మాట బయటికొస్తే ఎలా అని అమ్మ అంటుంది. అమ్మతో నేను మాట్లాడతాను. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది.

వచ్చే బుధవారం శాతవాహన రైలుకు వస్తున్నాను. గురువారం ఓపీకి ఇద్దరం వెళ్దాం. లోపలికి రమ్మంటే వస్తా, వద్దంటే బయట బెంచీ మీద కూర్చుంటా. ఉత్తరం అందగానే ఫోను చెయ్యి, ఏమీ చెప్పాలనిపించకపోయినా సరే.

నీ పెద్దమ్మ