సముద్రం పక్క బడికి వెళ్లిన మా అమ్మడికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, నీ మేనకోడలు తొమ్మిదో తరగతి పిల్లలకి భూకంపాలు, సునామీ, అణువిద్యుత్తు గురించి వారం రోజులు చెబుతుందట, చివరి రోజు డిబేట్ కూడా పెడుతుందట" అన్నాడు. వాడి గొంతులో గర్వం దాగలేదు. నాకూ అంతే. ఉద్యోగంలో చేరి నిండా ఏడాది కాలేదు, అప్పుడే పుస్తకం దాటి ఆలోచిస్తున్నావు. కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. నీ బడి రణస్థలం మండలంలో, అణువిద్యుత్తు ప్లాంటు పెడతామంటున్న కొవ్వాడకి దగ్గర్లో ఉంది. ఆ ఊళ్ల పిల్లలకి అణువిద్యుత్తు అంటే ఇంట్లో రాత్రి అన్నాల దగ్గర నడిచే మాట. అందుకే తెల్లారగట్ల లేచి రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అనేస్తావు.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. హెడ్మాస్టారికి ముందే చెప్పి, కాగితం మీద అనుమతి తీసుకో. వీడియోలు చూపించే ముందు నువ్వు ఒక్కదానివే మొత్తం చూడు, శవాలు కనిపించేవి పక్కన పెట్టు. భూకంప తరంగాలు బోర్డు మీద గీయొద్దు. పిల్లల్ని వరండాలో భుజం భుజం తగిలేలా నిలబెట్టి చివరివాణ్ణి మెల్లగా తొయ్యి. ఆ తోపు వరస చివరిదాకా పాకుతుంది. అదే ముందొచ్చే పీ తరంగం. తర్వాత చేతులు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగమను. అది వెనకాల వచ్చే ఎస్ తరంగం. ఇక జన్మలో మర్చిపోరు.

అంకెల దగ్గర మాత్రం ఒక శనగల పొట్లం పట్టుకెళ్లు. భూకంపం తీవ్రత ఒక్క అంకె పెరిగితే బయటికొచ్చే శక్తి దాదాపు 32 రెట్లు. ఒక గింజ, దాని పక్కన 32 గింజలు, దాని పక్కన వెయ్యి గింజల కుప్ప పెట్టించు. వాళ్లచేతే లెక్కపెట్టించు, విసుక్కున్నా సరే. కానీ అక్కడితో ఆపొద్దు. 1993 సెప్టెంబరు 30న లాతూరు వైపు వచ్చిన భూకంపం 6.2 మాత్రమే. తెల్లవారుజామున నాలుగింటికి, జనం నిద్రలో ఉండగా, మట్టితో కట్టిన బరువైన రాతి గోడలు మీద పడి పదివేల మంది దాకా పోయారు. అంకె ఎంత అని అడిగే పిల్లలు, గోడ ఎలా కట్టారని కూడా అడగడం నేర్చుకోవాలి.

సునామీ సంగతికి వస్తే, "ముందు సముద్రం వెనక్కి పోతుంది, తర్వాత అల వస్తుంది" అని సూత్రంలా చెప్పకు. చాలామంది టీచర్లు అలాగే చెబుతారు. 2004లో థాయ్‌లాండ్ వైపు ముందు నీళ్లు వెనక్కి పోయాయి. మన వైపు ముందు నీళ్లు ఎక్కాయి, వెనక్కి పోవడం అలకీ అలకీ మధ్య జరిగింది. సముద్రం వెనక్కి పోలేదు కదా, ఫరవాలేదు అని మన పిల్లలు ఒడ్డున నిలబడిపోతే ఎలా?

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 2004 డిసెంబరు 26, ఆదివారం. క్రిస్మస్ సెలవులకి మీ ఇంటికి వచ్చాను. నీకు నాలుగేళ్లు. విశాఖ బీచికి నిన్ను చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్లాను. తొమ్మిది దాటాక నీళ్లు ఎప్పుడూ లేనంత పైకి వచ్చి, మళ్లీ వెనక్కి పోయాయి. రోజూ కనిపించని రాళ్లు బయటపడ్డాయి. అందరూ వింతగా దిగుతున్నారు. పదహారేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్న నేను, "గవ్వలు ఏరుకుందాం రా" అని నిన్ను కిందికి దించాను. పది అడుగులు వేశామో లేదో నీ ఎర్ర చెప్పు తడి ఇసుకలో కూరుకుపోయి పట్టీ తెగింది. నువ్వు రాగం ఎత్తుకున్నావు. విసుక్కుంటూ నిన్ను ఎత్తుకుని కాలు కడగడానికి రోడ్డు పక్క కుళాయి దగ్గరికి వచ్చాను. వెనక్కి తిరిగి చూసేసరికి మనం నిలబడిన చోట నీళ్లున్నాయి. ఆ రోజు నిన్ను కాపాడింది నీ చెప్పు. నా చదువు కాదు. మీ నాన్నకి ఇప్పటిదాకా ఈ సంగతి పూర్తిగా చెప్పలేదు.

అదే రోజు ఫుకెట్‌లో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లీషు అమ్మాయి, సముద్రం నురగలు కక్కుతుంటే చూసి, రెండు వారాల ముందు భూగోళం క్లాసులో విన్నది గుర్తొచ్చి, పెద్దవాళ్లు నమ్మేదాకా గోల చేసింది. ఆ బీచి అంతా ఖాళీ చేయించారు. ఆ క్లాసు చెప్పిన టీచరు ఎంత పుణ్యం చేసుకున్నాడో అని ఎన్నిసార్లు అనుకున్నానో!

ఇప్పుడు హైదరాబాదు ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరిక కేంద్రం ఉంది, 2007 నుంచి పనిచేస్తోంది. సముద్రం లేని ఊళ్లో సముద్రానికి కాపలా అంటే పిల్లలకి సరదాగా ఉంటుంది, చెప్పు. లోతైన సముద్రంలో సునామీ గంటకి 700 కిలోమీటర్ల దాకా పోతుంది. అయినా అండమాన్, సుమత్రా వైపు పుడితే మన తీరానికి రావడానికి రెండు గంటలకి పైనే పడుతుంది. ఆ సమయాన్ని ఏం చేసుకుంటారన్నదే అసలు పాఠం.

నాకు భయం వేసేది అక్కడే. జపాన్‌లో ఇషినొమాకి దగ్గర ఒకావా అనే ప్రాథమిక పాఠశాల ఉండేది. 2011 మార్చి 11న భూమి కంపించాక టీచర్లు పిల్లల్ని బయటికి తెచ్చి ఆటస్థలంలో నిలబెట్టారు. బడి వెనకే కొండ. పిల్లలు పుట్టగొడుగులు పెంచడానికి ఎక్కిన కొండే అది. ముప్పు పటంలో ఆ బడి దాకా నీళ్లు రావని ఉంది. ఎటు వెళ్లాలని మాట్లాడుకుంటూ ముప్పావు గంటకి పైగా అక్కడే ఉండిపోయారు. 108 మంది పిల్లల్లో 74 మంది, టీచర్లలో 10 మంది పోయారు. వాళ్లు చెడ్డ టీచర్లు కారమ్మా. మనలాంటివాళ్లే. పైనుంచి మాట రాలేదని, పటంలో లేదని, అంత రాదులే అని ఆగారు. నువ్వు ఆగకు. ఎంఈవో గారి ఫోన్ కోసం చూడకు. తర్వాత సంజాయిషీ అడిగితే రాసిద్దువుగాని, దగ్గరుండి నేను రాయిస్తాను. నీ బడి గేటు నుంచి తుఫాను షెల్టరుకి ఎన్ని నిమిషాలు? ఆరో తరగతి పిల్లలు నడిస్తే ఎంత, పరుగెత్తితే ఎంత? ఇది ఈ వారంలోనే చూసుకో.

ఇక డిబేట్. ఈ ఉత్తరం మొదలుపెట్టింది దీని కోసమే.

2011 ఫిబ్రవరి 28, సోమవారం, జాతీయ సైన్స్ దినోత్సవం. కొవ్వాడ ప్లాంటు మాట జిల్లా అంతా నలుగుతున్న రోజులు. "అణువిద్యుత్తు కావాలా, వద్దా" అని మా బడిలో పోటీ పెట్టాను. రెండు జట్లు, గెలిచినవాళ్లకి జామెట్రీ బాక్సులు, జడ్జిని నేనే. కావాలన్న జట్టుకి చార్టులు దగ్గరుండి గీయించాను. వద్దన్న జట్టుని "మీరే ఏదో చూసుకోండి" అన్నాను. సైన్స్ టీచరు సైన్స్ పక్కన ఉండాలి కదా అని నా ధీమా.

వద్దన్న జట్టులో వేటకి పోయే ఇంటి పిల్లాడు ఒకడు ఉన్నాడు. తండ్రితో పడవెక్కి వారానికి రెండు రోజులు బడి ఎగ్గొట్టేవాడు. వాడంటే నాకు చిన్నచూపు ఉండేది, నీ దగ్గర దాచను. వాడి వంతు వచ్చింది. చేతిలో కాగితం కూడా లేదు. లేచి నిలబడి, "టీచరూ, ఆ ప్లాంటుకే కరెంటు పోతే ఏటి చేస్తారు?" అన్నాడు.

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నా కొంత నయం. "కరెంటు తయారుచేసే చోట కరెంటు పోతుందేమిట్రా? రోజూ బడికొస్తే తెలుస్తుంది" అన్నాను. వాడు ఇంకేదో అనబోయాడు. చొక్కా అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుండిపోయాడు. తుఫాను వచ్చి స్తంభాలు పడిపోతే రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊరి పిల్లాడు వాడు. తనకి తెలిసిన లోకం నుంచి అడిగాడు. నేను కావాలన్న జట్టుకి బాక్సులు పంచేశాను.

ఇంటికొచ్చి టీవీ పెడితే కాకరాపల్లి. థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద అదే రోజు పోలీసు కాల్పులు, మనుషులు చనిపోయారు. అంతకుముందు జూలైలో సోంపేటలోనూ అదే జరిగింది. మన జిల్లాలో కరెంటు ప్లాంటు గురించి వాదన అంటే ప్రాణాల మీదికి వచ్చే వాదన. నేను దాన్ని జామెట్రీ బాక్సుల పోటీ చేశాను.

తర్వాత పదకొండు రోజులకి, ఆ మార్చి 11నే, జపాన్‌లో ఫుకుషిమా అణువిద్యుత్తు ప్లాంటు ప్రమాదం. భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు వాటంతటవే ఆగాయి. పొయ్యిలోంచి కట్టెలు లాగేసినా నిప్పుల వేడి పోదు కదా, రియాక్టరూ అంతే. ఆపాక కూడా లోపల ఇంధనం వేడి పుట్టిస్తూనే ఉంటుంది, నీళ్లు తిప్పుతూనే ఉండాలి. నీళ్లు తిప్పే పంపులకి కరెంటు కావాలి. బయటి లైన్లు భూకంపానికే పోయాయి. డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. ముప్పావు గంట దాటాక 14, 15 మీటర్ల ఎత్తున సునామీ నీళ్లు వచ్చి, నేలమాళిగల్లో ఉన్న జనరేటర్లని ముంచేశాయి. అంత రాదని లెక్కలు వేసుకుని కట్టిన ప్లాంటు అది. 2008లో ఆ ప్లాంటు నడిపే కంపెనీ సొంత లెక్కల్లోనే 15.7 మీటర్ల దాకా రావచ్చని తేలినా పని మొదలుపెట్టలేదు. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లారు.

టీవీవాడు "ప్లాంటుకి కరెంటు లేదు" అన్నప్పుడు నా చేతిలో చారు గరిటె ఉంది. ఆ పిల్లాడి చొక్కా అంచే కళ్ల ముందుకి వచ్చింది.

సోమవారం క్లాసులో గంటసేపు ఫుకుషిమా చెప్పాను. బొమ్మ గీసి, పంపులు, జనరేటర్లు, అన్నీ. వాడు మూడో బెంచీలో కూర్చుని విన్నాడు. "ఈ ప్రశ్న మన క్లాసులో ఒకరు ముందే అడిగారు" అనే ఒక్క మాట నోటిదాకా వచ్చింది. పిల్లల ముందు తగ్గితే క్లాసు చెయ్యి దాటుతుందని మింగేశాను. వాడు మళ్లీ నన్ను ఏమీ అడగలేదు. పదో తరగతి అయ్యాక మన తీరం కుర్రాళ్లందరిలాగే గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీదికి వెళ్లిపోయాడు. కొన్నేళ్ల క్రితం శ్రీకాకుళం కాంప్లెక్సులో కనిపించి, "టీచరూ, బాగున్నారా" అంటూ నా సంచి బస్సులో పెట్టి, బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాడు. అప్పుడూ చెప్పలేకపోయాను.

అందుకని, తల్లీ, గెలుపోటములు పెట్టకు. నువ్వు జడ్జివి కావద్దు. ముందు రోజు పిల్లల చేత చీటీల మీద ప్రశ్నలు రాయించు, పేరు అక్కర్లేదని చెప్పు. ఒకటీ వదలకుండా అన్నీ చదువు. నీకు తెలియనిదానికి తెలియదని చెప్పి, వెతికి మర్నాడు చెప్పు. ఇవాళ కావాలన్నవాళ్లు రేపు వద్దనే వైపు నిలబడాలి. ఎవరినీ "మీ నాన్న ఏమంటాడు" అని అడగకు. అక్కడ నష్టపరిహారం కోసం చూసేవాళ్ల పిల్లలూ ఉంటారు, ఊరు వదిలేది లేదనేవాళ్ల పిల్లలూ ఉంటారు, ఉద్యోగం వస్తుందని ఆశపడేవాళ్ల పిల్లలూ ఉంటారు.

రెండు వైపులా గట్టి సరుకు ఇవ్వు. 2011 మార్చి 11న జపాన్‌లో చనిపోయిన, గల్లంతైన 18 వేల మందికి పైగా జనంలో దాదాపు అందరినీ తీసుకెళ్లింది నీళ్లు. దాన్ని రేడియేషన్ ఖాతాలో వేసి చెప్పేవాళ్లుంటారు, సరిదిద్దు. అలాగని ఇళ్లు వదిలి పోయాక, ఆ తిప్పలకి తట్టుకోలేక పోయిన ముసలివాళ్లని లెక్కలోంచి తీసేయకు. భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒనగావా ప్లాంటు తట్టుకుని నిలబడింది, ఎందుకంటే దాన్ని 14.8 మీటర్ల ఎత్తులో కట్టారు. ఎత్తు పెంచాలని యానొసుకే హిరాయ్ అనే ఇంజనీరు పట్టుబట్టాడు. ఇళ్లు పోయిన చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ ప్లాంటులోనే తలదాచుకున్నారు. 2004లో మన కల్పాక్కంలో పంపుహౌస్‌లోకి సముద్రం నీళ్లు వచ్చినా రియాక్టరుని క్షేమంగా ఆపగలిగారు. కొవ్వాడలో 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది ప్రతిపాదన. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు, హైదరాబాదులో ఇంధనం కడ్డీలు తయారవుతున్నాయి. ఇదంతా ఎక్కడో జపాన్ సంగతి అనుకోకుండా పిల్లలకి పటం మీద చూపించు. బొగ్గు పొగ సంగతి కూడా దాటేయకు.

నా అభిప్రాయం అడుగుతావేమో. నీ డిబేట్ అయ్యాక చెబుతాను. ముందే చెబితే అది నీ మాటలో దూరి, అక్కణ్ణుంచి పిల్లల మాటలోకి పోతుంది.

వచ్చే ఆదివారం మొదటి బస్సుకి వస్తాను. నీకిష్టమైన కొబ్బరుండలు తెస్తాను. భోజనాలయ్యాక ఇద్దరం నీ బడి గేటు నుంచి తుఫాను షెల్టరు దాకా గడియారం చూసుకుంటూ నడుద్దాం. నా మోకాళ్లతో ఎంతసేపు పడుతుందో అదే లెక్క వేసుకో, చిన్నపిల్లలకీ అంతే పడుతుంది. నువ్వు మాత్రం పట్టీ గట్టిగా ఉన్న చెప్పులు వేసుకో.

ఆశీస్సులతో,
మీ అత్త