ఒంటి మీది గీతకు పేరు పెట్టేముందు

బిడ్డా,

నీ వ్యాసం అందింది. మిర్యాలగూడ రైస్ మిల్లులో చెమటలు కక్కుతూ బస్తాలు మోసే ఆ మనిషిని బాగా పట్టుకున్నావు. కానీ రెండో పేరాలోనే 'ఇది వంశపారంపర్యంగా వచ్చే హేలీ–హేలీ వ్యాధి' అని, అంటే చర్మం మడతల్లో పొక్కులు లేచి పుళ్లయ్యే జబ్బని తేల్చేశావు. పొక్కులు నడుముకు ఒక పక్కనే గీత గీసినట్టు ఉన్నాయని, ఇంట్లో ఇంకెవరికీ లేవని రాసింది నువ్వే కదా! చర్మం ముక్క తీసి చేసిన బయాప్సీ పరీక్ష రిపోర్టు చేతికి రాగానే ఆ రెండు సంగతులూ గాలికి వదిలేశావు.

మైక్రోస్కోపు కింద నీకు కనిపించింది పైచర్మం కణాలు ఒకదాన్నొకటి విడిచిపెట్టేయడం. హేలీ–హేలీలో అదే జరుగుతుంది. ఒంటి మీద గరుకు గుల్లలు లేచే డేరియర్ వ్యాధిలోనూ అదే. నడివయసు దాటాక ఛాతీ మీద, వీపు మీద దురదతో లేచే గ్రోవర్ వ్యాధిలోనూ అదే కనిపిస్తుంది. మొదటి రెండూ కుటుంబంలో దిగివస్తాయి, మూడోది రాదు. అందుకే రిపోర్టు ఒక్కదాన్నే నమ్ముకుని జబ్బుకు పేరు పెట్టొద్దు.

ముందు ఆ గీత ఆకారం చూడు. బెర్లిన్ చర్మవైద్యుడు ఆల్ఫ్రెడ్ బ్లాష్కో 1901లోనే ఇలాంటి గీతల పటం గీశాడు. అవి వీపు మీద కిందికి మొనతేలుతాయి, పక్కల్లో మెలిక తిరుగుతాయి, కాళ్లూ చేతుల్లో నిలువుగా దిగుతాయి. నరాల దారిలోనూ ఉండవు, రక్తనాళాల దారిలోనూ ఉండవు. మన దగ్గర ఒక పక్కన వరసగా పొక్కులు లేస్తే సర్పి అని జాజు పూస్తారు. సర్పి నరం వెంట వస్తుంది, కొన్ని వారాల్లో మాడిపోతుంది. ఇది ఏళ్ల తరబడి అక్కడక్కడే తిరగబెడుతుంది. ఎన్నాళ్ల నుంచి ఉందని అతన్ని అడిగావా? వ్యాసంలో ఆ ముక్కే లేదు. మెడికల్ షాపులో తామర ట్యూబులు ఎన్ని కొన్నాడో మాత్రం రాశావు!

పోచంపల్లి చీరలో డిజైన్ నేశాక అద్దింది కాదు, నేయకముందే నూలుకు కట్టి రంగు వేసింది. ఇదీ అంతే. పిండం ఎదుగుతున్నప్పుడు ఒక కణంలో జన్యువు మారితే, ఆ కణం నుంచి పుట్టిన చర్మమంతా ఆ మార్పును మోస్తూ గీతగా పరుచుకుంటుంది. మిగతా ఒళ్లంతా మామూలే. దీన్ని మొజాయిక్ అంటారు. రుడాల్ఫ్ హాపుల్ అనే జర్మన్ వైద్యుడు ఇందులో రెండు రకాలు చెప్పాడు. మార్పు గీతలోనే ఉండి మిగతా చర్మం బాగుంటే మొదటి రకం. మనలో ఇలాంటి జన్యువుకు రెండు నకళ్లుంటాయి; ఒంటినిండా ఒక నకలు ముందే చెడి ఉండి, ఆ గీతలో రెండోది కూడా పోతే రెండో రకం. అప్పుడు గీత ముందుగా, తీవ్రంగా బయటపడుతుంది. మిగతా చోట్ల జబ్బు తర్వాత మెల్లగా వస్తుంది. నీ మిల్లు మనిషి ఏ రకమో తెలియకుండా 'వంశపారంపర్యం' అనే మాట రాయకూడదు.

జన్యు పరీక్ష చేస్తే తేలిపోతుందని రాశావు. అంత సులువు కాదు. డేరియర్‌కు ఏటీపీ2ఏ2, హేలీ–హేలీకి ఏటీపీ2సీ1 జన్యువులు కారణం. మొదటి రకంలో రక్తం పంపితే మామూలుగా 'ఏమీ లేదు' అనే వస్తుంది. మచ్చ నుంచి తీసిన చర్మాన్నీ పరీక్షించాలి. మర్మాంగాల దగ్గర మాత్రమే గుల్లలు లేచే ఒక జబ్బును చాలాకాలం వేరే జబ్బుగానే లెక్కించారు. తర్వాత కొందరిలో ఇవే జన్యువుల్లో మార్పులు దొరికాయి, కొందరికి మచ్చలోనే, కొందరికి రక్తంలోనూ. నన్నడిగితే 'ఒక చోటుకే పరిమితమైన డేరియర్' అన్నట్టు జబ్బునీ దాని హద్దునీ కలిపి రాయడమే మేలు. కొత్త కొత్త పేర్లు పుస్తకాలను లావు చేస్తాయంతే.

అలాగని 'పిల్లలకు రాదు' అని హామీ కూడా ఇవ్వకు. ఒంటి మీద గరుకు చారలు మాత్రమే ఉన్న కొందరి పిల్లలకు ఒళ్లంతా చర్మం మందంగా, పొక్కులతో వచ్చింది. తల్లిదండ్రుల చారల్లోని కెరటిన్ 10 (చర్మానికి గట్టిదనమిచ్చే ప్రోటీన్) జన్యువు మార్పే పిల్లల్లో ఒంటినిండా ఉందని 1994లో తేలింది. మార్పు అండంలోకో వీర్యంలోకో చేరితే అలా జరుగుతుంది. అరుదే, కానీ ఉంది. పిల్లల్ని కనబోయేవాళ్లు నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగం లాంటి చోట అడగాలని ఒక్క వాక్యం చేర్చు.

మేనరికం మీద నువ్వు రాసిన పేరా మొత్తం కొట్టేశాను. మేనరికంతో పెరిగేవి ఇద్దరి నుంచీ జన్యువు చెడ్డ నకలు రావాల్సిన జబ్బులు. హేలీ–హేలీ, డేరియర్‌లకు ఒక్కరి నుంచి వచ్చినా చాలు. మొదటి రకం గీతకు ఎవరి నుంచీ రానక్కర్లేదు. గ్రహణం రోజు బయటికెళ్లావని అత్తగారు అన్న మాటలు పడే కోడలికి నీ వ్యాసంలో ఇంకో నింద దొరకకూడదు కదా.

అతనికి పెళ్లీడు కూతురుందని రాశావు. మిల్లు పేరు, ఊరి పేరు తీసెయ్. చేతి మీది పచ్చబొట్టు కనిపించే ఫోటో కూడా వద్దు. గీత ఎప్పుడు మొదలైందో కనుక్కుని, రెండో పేరా తిరగరాసి పంపు.

ఉంటాను,
మీ సార్
నల్లగొండ