పుస్తకం మూశాక

చిక్కడపల్లి,
హైదరాబాద్.

అమ్మలూ,

మొన్న వచ్చినప్పుడు ఫోన్లో నీ పుస్తకాల లిస్టు చూపించావు. ఈ ఏడాది ఇప్పటికే 23 చదివేశావు. చాలా సంతోషం వేసింది. ఆఫీసు, మెట్రోలో రానూపోనూ ప్రయాణం, వీటి మధ్య అన్ని చదవడమంటే మాటలు కాదు. కానీ వెళ్లేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "చదువుతున్నప్పుడు బావుంటుంది అత్తా, నెల తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండట్లేదు" అన్నావే, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. అందుకే ఈ ఉత్తరం.

గుర్తుండట్లేదని టెన్షన్ పడకు. నాకూ కథలు గుర్తుండవు, పాత్రల పేర్లయితే వారం దాటవు. నేను రాసిపెట్టుకునేది ఒక్కటే: ఆ పుస్తకం చదవకముందు ఏమనుకునేదాన్ని, చదివాక ఏమనుకుంటున్నాను. ముప్పై ఏళ్లుగా ఇదే అలవాటు. పొడుగాటి లెక్కల పుస్తకంలో పేజీ మధ్యన నిలువుగా గీత గీసి, ఎడమవైపు "ఇదివరకు", కుడివైపు "ఇప్పుడు" అని రాస్తాను. కుడివైపు చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. ఉండనీ. చోటుంది కదా అని లేని మార్పు రాసుకోకూడదు.

నిజానికి ఎడమవైపు రాయడమే కష్టం. మనకు ఫలానా అభిప్రాయం ఉందని మనకే తెలియదు. చదువుతుంటే ఎక్కడ చిరాకు పుట్టిందో, ఎక్కడ "ఛ, అలా ఎందుకు జరుగుతుంది" అనిపించిందో, అక్కడ ఆగి పేజీ నంబరు వేసుకో. పాత నమ్మకం ఏదో కదిలినచోటే చిరాకు వస్తుంది.

పోయిన వేసవిలో కన్యాశుల్కం మళ్లీ చదివాను. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు గిరీశం మాటలకు పడీపడీ నవ్వడమే గుర్తు. ఈసారి వెంకమ్మ దగ్గర ఆగిపోయాను. చిన్న కూతుర్ని ముసలివాడికి ఇవ్వనంటూ మొగుడితో పోట్లాడి, చివరికి నూతిలో దూకుతుంది ఆవిడ. మా నాయనమ్మకి ఎనిమిదో ఏట పెళ్లయింది. "ఆ రోజుల్లో అంతే, ఎవరికీ తప్పనిపించేది కాదు" అని మా ఇంట్లో అందరం అనేవాళ్లం, నేనూ అనేదాన్ని. తప్పనిపించిన తల్లిని గురజాడ 1897లోనే అచ్చులో పెట్టాడు. ఆ తొలి కూర్పుకి రాసిన ముందుమాటలో విశాఖ జిల్లా లెక్క ఉంది. మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని ఆడపిల్లనిచ్చి చేసిన పెళ్లిళ్లు 1,034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్ల అంటే ఇంకా తప్పటడుగులు వేస్తూ ఉంటుంది తల్లీ. ఆ పేజీ మూసి చాలాసేపు కూర్చున్నాను. మా నాయనమ్మ వాళ్లమ్మ ఆ రోజు ఏమందో ఎవరం ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. నా నోటుబుక్కులో కుడివైపు రాసింది అదే.

అందుకే ముందుమాట వదలకు. పుస్తకం ఏ సంవత్సరం వచ్చిందో కూడా చూసుకో.

ఇంకోటి చెప్పాలి, ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేను రాజమండ్రి నుంచి కోడలిగా ఈ ఊరొచ్చింది 1981లో. పక్క వాటాలో ఉండే వదిన నాకు చెయ్యని సాయం లేదు. కానీ ఆవిడ "దస్తీ" అన్నా "అంగి" అన్నా నేను సరిదిద్దేదాన్ని, అది తెలుగు కాదన్నట్టు. ఆవిడ నవ్వి ఊరుకునేది. చాలా ఏళ్ల తర్వాత సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో గోలకొండ కవుల సంచిక తిరగేశాను. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి తెచ్చిన సంకలనం అది. 354 మంది కవులు. పేరు తర్వాత పేరు, ఊరు తర్వాత ఊరు. ఆ గ్రంథాలయమే 1901లో పెట్టింది. నేను పుట్టకముందు నుంచీ ఈ ఊళ్లో తెలుగు కోసం ఇంత పని జరిగింది, నేనేమో తెలుగు నాతోపాటు రైలెక్కి వచ్చినట్టు మాట్లాడాను.

ఆ సాయంత్రమే వదిన దగ్గరికెళ్లి క్షమించమన్నాను. చాయ్ వడకడుతోంది. "గిప్పుడెందుకు వదినా గా ముచ్చట" అని గ్లాసు నా చేతిలో పెట్టింది. ఆవిడ మర్చిపోలేదని ఆ గొంతులోనే తెలిసింది. చదివింది మనుషుల దగ్గరికి తీసుకెళ్లాల్సి వస్తే ఆలస్యం చెయ్యకు అమ్మలూ. నేను పదిహేనేళ్లు ఆలస్యం చేశాను.

అలాగని పుస్తకం చెప్పిన ప్రతిదానికీ తలూపకు. ఒకసారి ఆహారం మీద ఓ పుస్తకం చదివి, అందులో రచయిత అంత గట్టిగా చెబుతున్నాడు కదా అని, షుగర్ మాత్రలు వేసుకునే మీ పెద్ద తాతగారికి అన్నం బాగా తగ్గించేశాను. డాక్టర్ని అడగలేదు. నాలుగో రోజు షుగర్ పడిపోయి ఆయన వరండాలో కూలబడ్డారు. అప్పటి నుంచి రాసిన పేజీకి నెల గడువు పెడతాను. నెల తర్వాత చదివినా నిజమే అనిపిస్తే ఉంచుతాను, లేదంటే గీత పెట్టి కొట్టేస్తాను. కొట్టేసినవి కూడా చింపొద్దు. వీలైతే అదే విషయాన్ని వేరేలా చెప్పే పుస్తకం ఇంకోటి వెతుకు. ఆరోగ్యం, డబ్బు లాంటివైతే తెలిసినవాళ్లని అడక్కుండా ఇంట్లో ఎవరిమీదా ప్రయోగించకు.

లెక్క కూడా కాస్త పక్కన పెట్టు. 23 చదివినవాళ్లు 24వది మొదలుపెట్టే ముందు, చదివినవాటిలో ఒకటి మళ్లీ తెరవొచ్చు. డిసెంబర్‌లో పుస్తకాల పండగకి వెళ్లి సంచీ నింపుకునే ముందే ఆ పని చెయ్యి.

ఈ ఆదివారం రా. నీ లిస్టులో నీకు కోపం తెప్పించిన పుస్తకం ఒకటి పట్టుకురా, నచ్చినది వద్దు. పదిలోపు వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసొద్దాం, ఎండెక్కితే నా మోకాళ్లు ఒప్పుకోవు. మధ్యాహ్నం భోజనానికి వదిన్ని కూడా పిలిచాను. నువ్వు అడిగితే ఆవిడ మాటలన్నీ చెబుతుంది, రాసుకుందువుగాని.

ఆశీస్సులతో,
అత్తయ్య