పలు భాగాల మెయిల్: "బహుళ"మా "బహు"నా, "ప్రత్యామ్నాయ"మా "వికల్ప"మా?

సందేహం: తిరుపతిలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తా ఉండాను సార్. ఫీజు రసీదులు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో మెయిల్ పంపేది నా పని. కొత్తగా చేరినోళ్ళ కోసం తెలుగులో నోట్స్ రాస్తా "గ్రంథాలయం సహాయంతో బహుళభాగ సందేశమును ఉత్పత్తి చేయుట" అని హెడ్డింగ్ పెట్టినాను, మల్టీపార్ట్ మెయిల్ గురించి, అంటే లోపల విడివిడి భాగాలుండే మెయిల్. మా సార్ "బహుభాగ" అనాలన్నారు. ఏది కరెక్టు? అందులో ఆల్టర్నేటివ్ అనే రకాన్ని "ప్రత్యామ్నాయం" అనొచ్చా?

సమాధానం: అమ్మా, తెలుగులో నోట్స్ రాయాలనుకున్నావు చూడు, దానికే నాకు చాలా సంతోషంగా ఉంది. సమాసం వరకు మీ సార్ చెప్పిందే సరి. బహువచనం, బహుముఖం, బహుభాష, ఇట్లా సంస్కృత పదాలకు ముందు "బహు" చక్కగా అతుక్కుంటుంది. "బహుళ" అంటే అసలు దట్టమైన, విస్తారమైన అని, బహుళజాతి కంపెనీలు, బహుళ అంతస్తుల భవనాలు అని పేపర్లు రాసి రాసి ఇప్పుడు దానికీ "అనేక" అనే అర్థం స్థిరపడింది కాబట్టి తప్పని కొట్టేయలేం. కానీ పంచాంగంలో బహుళ చవితి అంటే కృష్ణపక్షం. వ్యాకరణంలో బహుళం అంటే ఇంకోటి, ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట రెండు విధాలా ఉంటుంది, ఒకచోట వేరేగా అవుతుంది. ఇన్ని మోసే మాట మనకెందుకు, పలుమార్లు, పలువురు అని రోజూ అనే "పలు" ఉంది కదా, మన పక్క తమిళం వాళ్ళ "పల" కూడా దీని చుట్టమే. "పలు భాగాల మెయిల్" అను, ఎవరికైనా అర్థమవుతుంది.

గ్రంథాలయం మాత్రం తీసెయ్. అది చదివే చోటు, నువ్వు చెప్పేది ముందే ఎవరో రాసిపెట్టిన కోడ్, కావాల్సినప్పుడు తీసుకుని వాడుకునేది. లైబ్రరీ అనే ఉంచు. తెలుగే కావాలని పట్టుబడితే "భాండారం" నాకిష్టం, తాళ్ళపాక వాళ్ళ రాగిరేకులు దొరికిన తిరుమల గుళ్ళో అర పేరు సంకీర్తన భాండారమే కదా. ఉత్పత్తి కరెంటుకీ పాలకీ సరిపోతుంది, మెయిల్‌కి "కూర్చడం" అనాలి. దండలో ఏ పువ్వుకాపువ్వు విడిగా కనపడతానే అంతా కలిసి ఒకే దండ, ఈ మెయిల్ కూడా అంతే.

ఇక నీ అసలు ప్రశ్న. ఇది నాకు బాగా పట్టింది, మా మేనల్లుడి ల్యాప్‌టాప్ ముందు కూచుని ఒక మెయిల్ లోపల ఎట్లుంటుందో చూపించుకున్నాను. తిరుమల కొండ మీంచి బండలు పడి ఒక ఘాట్ రోడ్డు మూసేస్తే రెండో దాంట్లోనే పైకీ కిందికీ బండ్లు వదుల్తారే, అది ప్రత్యామ్నాయం, ఒకటి లేకపోతే దాని బదులు ఇంకోటి. మెయిల్‌లో అట్లా కాదు, మామూలు టెక్స్టూ, రంగులూ పట్టికలతో సొగసుగా కనపడే హెచ్‌టీఎంఎల్ రూపమూ రెండూ ఒకే కవర్లో కలిసే పోతాయి, చదివేవాళ్ళ సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచుకుని చూపిస్తుంది. దీనికి మన వ్యాకరణంలో ఎప్పట్నుంచో మాట ఉంది, వికల్పం. ఏమి, అంటివి కలిస్తే ఏమంటివి అనొచ్చు, ఏమియంటివి అనొచ్చు, 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంలో కూడా ఇది వైకల్పికమే. రూపాలు రెండు, అర్థం ఒకటే. అందుకే "వికల్ప భాగాలు" అని రాయి. ఆ మాట రాస్తే పని కూడా సరిగ్గా వస్తుంది, ఎట్లంటే హెచ్‌టీఎంఎల్‌లో ఫీజు ఎంతో, గడువు ఎప్పుడో అన్నీ రాసి మామూలు టెక్స్టులో "రసీదు చూడండి" అని వదిలేస్తే అర్థం ఒకటి కాలేదు, కాబట్టి అది వికల్పం కాదు. వరస కూడా ముఖ్యం, సాదాది ముందు, సొగసైనది చివర, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ తనకు చేతనైన వాటిలో చివరిదాన్ని తీసుకుంటుంది. పైథాన్‌లో సాదా టెక్స్టు పెట్టే సెట్_కంటెంట్ తర్వాత, హెచ్‌టీఎంఎల్ చేర్చే యాడ్_ఆల్టర్నేటివ్ రాసేది అందుకే.

రసీదు పీడీఎఫ్ వికల్పం కాదు, అది అదనంగా కావాల్సిందే. యాడ్_అటాచ్‌మెంట్ అనగానే లైబ్రరీ ఆ రెండు వికల్పాలనూ ఒక మూటగా చేసి, దాన్నీ పీడీఎఫ్‌నీ పైన ఇంకో మూటలో పెడుతుంది, ఆ పై మూటని మిక్స్‌డ్ అంటారు, "కలగలుపు" అనొచ్చు.

నువ్వు అడగలేదు గానీ, మెయిల్‌లో భాగాలను విడదీసే గుర్తుని, అదే బౌండరీని, "సరిహద్దు" అనొద్దు, దేశాలు గుర్తొస్తాయి. మనవైపు చేనుకీ చేనుకీ మధ్య ఉండే గెనిమ సరిగ్గా అదే. ప్రతి భాగం ముందు రెండు గీతలు, ఆ తర్వాత ఒకే గుర్తు వస్తుంది, అన్నీ అయిపోయినాక ఆ గుర్తు వెనకాల ఇంకో రెండు గీతలు. మన కావ్యాల్లో ఆశ్వాసం ఆశ్వాసానికీ ముగింపుగా గద్య వచ్చి, ఆఖర్న సమాప్తం అని ఎక్కువగా చేరుతుందే, అట్లా.

నీ హెడ్డింగ్ ఇట్లా మార్చు: "ఈమెయిల్ లైబ్రరీతో పలు భాగాల మెయిల్ కూర్చడం".