కిచెన్ ఉబ్బిపోయింది, కొత్తగా అప్పు చేసి కట్టించుకోవచ్చా?

ప్రశ్న: మాది పెందుర్తి. పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో పనిచేస్తున్నాను, చేతికి 48,000 వస్తుంది. నిరుడు దసరాకు ముందు 2,40,000 పెట్టి మాడ్యులర్ కిచెన్, రెండు వార్డ్‌రోబ్‌లు చేయించాను. మెరైన్ ప్లైవుడ్ అన్నారు. ఈ వానాకాలానికి సింకు కింద చెక్క ఉబ్బి పొరలు విడిపోయింది, షట్టర్లు మూసుకోవడం లేదు. మూడు నెలలు తిప్పించుకున్న కాంట్రాక్టర్ ఇప్పుడు 35,000 ఇస్తాను, ఇక ఏ గొడవా లేదని సంతకం పెట్టమంటున్నాడు. నేను 1,40,000 ఎఫ్‌డీ తీసి, మిగతా లక్ష క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద కట్టాను. బ్యాంకు 14 శాతానికి 3 లక్షలు పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. దాంతో మొత్తం పీకించి కొత్తది చేయించుకుని, కన్స్యూమర్ కోర్టులో కేసు వేసి, వచ్చే డబ్బుతో లోన్ తీర్చేద్దామనుకుంటున్నాను. లాయర్ అడ్వాన్స్ కోసం ఒక లోన్ యాప్‌లో 15,000 తీసుకున్నాను. సరైన పనేనా?

జవాబు: కాదు. లోన్ తీసుకోవద్దు, కిచెన్ పీకించవద్దు. ముందు ఈ రెండూ ఆపండి.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇల్లు కట్టుకున్నవాళ్లు, బాగుచేయించుకున్నవాళ్లు నా దగ్గరికి తరచూ ఇదే పరిస్థితిలో వస్తారు. నాసిరకం సరుకు అంటగట్టిన మనిషి మీద కోపం న్యాయమైనదే. ఆ కోపంలో రెండోసారి ఖర్చు పెడతారు. ఆ ఖర్చును ఇంకా రాని నష్టపరిహారం లెక్కలో వేసుకుంటారు. మొదటి నష్టం కాంట్రాక్టర్ చేసింది, రెండోది మన చేతులతో మనం చేసుకునేది.

ఇక్కడ అచ్చువేయని మిగతా ఉత్తరంలో మీరు రాసిన వివరాలతోనే లెక్క చూద్దాం. ఇంటి లోన్ ఈఎంఐ 15,200, కార్డు ఈఎంఐ సుమారు 4,850, ఇంటి ఖర్చు 22,000, పిల్లల స్కూలుకు నెలకు 3,500. మొత్తం 45,550. మీ దగ్గర మిగిలేది 2,450. 3 లక్షల లోన్ 14 శాతానికి మూడేళ్లు అంటే నెలకు 10,250 పైన కట్టాలి. ఎక్కడి నుంచి తెస్తారు? వడ్డీ ఒక్కటే దాదాపు 69,000 అవుతుంది. పాడైన కిచెన్ మీద ఈఎంఐ ఇంకా 13 నెలలు ఉండగానే, కొత్త కిచెన్ మీద ఇంకో ఈఎంఐ మొదలవుతుంది. సరుకు బాగోలేదని కార్డు ఈఎంఐ ఆపేయాలని కూడా అనిపించవచ్చు. అది చేయకండి. మీ గొడవ కాంట్రాక్టర్‌తో, బ్యాంకుతో కాదు. ఆపితే దెబ్బ తినేది మీ సిబిల్ స్కోరే.

లోన్ యాప్ సంగతి. 15,000 కోసం ఫోన్‌లోని కాంటాక్టులన్నీ ఎవరి చేతిలో పెట్టారో ఒకసారి ఆలోచించండి. మీ సేవింగ్స్‌లో ఉన్న 20,000లోంచి ఈరోజే ఆ అప్పు మొత్తం తీర్చండి, తీరినట్టు రసీదు తీసుకోండి, యాప్ తీసేయండి. పైగా ఆ లాయర్ అడ్వాన్స్ అసలు అవసరమే లేదు. మీరు కన్స్యూమర్ కోర్టు అంటున్న వినియోగదారుల కమిషన్‌లో మీ ఫిర్యాదు మీరే వేసుకోవచ్చు, మీరే వాదించుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు.

ఇక కేసు విషయం. మీరు పీకించాలనుకుంటున్న ఆ ఉబ్బిన చెక్కే మీ సాక్ష్యం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పరీక్ష చేస్తే తప్ప తేలని లోపమైతే కమిషన్ నమూనాను ల్యాబ్‌కు పంపిస్తుంది. ఆ ఫీజు ముందుగా మిమ్మల్ని కట్టమనవచ్చు, సిద్ధంగా ఉండండి. మెరైన్ ప్లైవుడ్‌కు ప్రమాణం ఐఎస్ 710. మరిగే నీళ్లలో 72 గంటలు ఉంచినా పొరలు ఊడకూడదు. మామూలు కమర్షియల్ ప్లైవుడ్ ఐఎస్ 303 కిందకు వస్తుంది. సింకు కింద తడికి, మన విశాఖ సముద్రపు గాలికి అది నిలబడదు. క్యాబినెట్ లోపలి వైపు, వెనక వైపు టార్చ్ వేసి చూడండి. ముద్ర ఉంటే ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ నంబరు, సీఎం/ఎల్ (లైసెన్సు) నంబరు కనబడేలా ఫొటో తీయండి. ఆ లైసెన్సు నంబరు అసలుదో కాదో ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో తెలిసిపోతుంది. 303 అని కనబడితే మీ వాదన సగం నెగ్గినట్టే. ముద్ర కనబడకపోతే ల్యాబ్ పరీక్ష మీదే ఆధారపడాలి. చెక్క మొత్తం చెత్త లారీ ఎక్కించాక పరీక్షకు ఏం పంపిస్తారు?

బిల్లు లేదని మీరు రాశారు. బిల్లు లేకుండా అయితే 18 శాతం జీఎస్టీ మిగులుతుందని కాంట్రాక్టర్ చెప్పాడు, మీరు ఒప్పుకున్నారు. తప్పే. అయినా దారి మూసుకుపోలేదు. బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని అదే చట్టం చెబుతోంది. మీ యూపీఐ చెల్లింపులు, కార్డు స్టేట్‌మెంట్, 'మెరైన్ ప్లై' అని రాసి ఇచ్చిన కొటేషన్, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ప్రింట్ తీసి ఒక ఫైల్‌లో పెట్టండి. ఇంకో కార్పెంటర్‌ను పిలిచి ఏది పాడైంది, బాగుచేయడానికి ఎంత అవుతుంది అన్నది సంతకంతో రాయించుకోండి. తర్వాత కాంట్రాక్టర్‌కు స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. ఫోన్‌లో అరుచుకోవడం వల్ల మూడు నెలలు పోయాయి, ఒక్క కాగితం పుట్టలేదు.

ఆయన పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. వాళ్లు మధ్యవర్తిత్వం చేస్తారు, ఆదేశం ఇవ్వలేరు. ఆదేశం కావాలంటే విశాఖ జిల్లా కమిషన్‌కే వెళ్లాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువుంది, కాబట్టి పరుగెత్తాల్సిన పని లేదు. చట్టంలో మూడు నెలలు, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలలు అని రాశారు. నిజంగా అంతకన్నా ఎక్కువే పడుతుంది. నెగ్గినా ఆయన రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. ఎప్పుడొస్తుందో, ఎంత వస్తుందో తెలియని డబ్బును చూసుకుని మూడేళ్ల లోన్ మీద సంతకం పెట్టకూడదని అందుకే అంటున్నాను.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న మాట. కాంట్రాక్టర్ 35,000 అని ఎందుకు అన్నాడు? మీ దగ్గర డబ్బు అయిపోయిందని ఆయనకు తెలుసు. ఆ 1,40,000 ఎఫ్‌డీని మీరు పొదుపు అన్నారు. అది మీ అత్యవసర నిధి. ఉద్యోగం పోయినా, నాన్నగారిని విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు తీసుకెళ్లాల్సి వచ్చినా ఇంటిని కాపాడేది అదే. దాన్ని తీసుకెళ్లి కిచెన్‌లో పెట్టారు. చేతిలో డబ్బు లేనివాడే తొందరపడి తక్కువకు రాజీపడతాడు. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత మా ఇంట్లో కిటికీలు కొత్తవి వేయించాం. ఏడాది తిరగకుండా స్క్రూలు తుప్పుపట్టి రెండు ఫ్రేములు వంగిపోయాయి. సప్లయర్ సగం డబ్బు తీసుకుని వదిలేయమన్నాడు. పాలిథీన్ షీట్లు కట్టుకుని నాలుగు నెలలు ఆగాను, చివరికి ఆయనే వచ్చి మార్చాడు. నా దగ్గర ఆరు నెలల ఖర్చు బ్యాంకులో విడిగా ఉంది కాబట్టే ఆగగలిగాను.

మీరూ ఆగాలి. ఫొటోలు, వీడియో అయ్యాక పాడైన క్యాబినెట్‌ను అలాగే ఉంచి, సామాన్లు పెట్టుకోవడానికి పూర్ణా మార్కెట్ వైపు వెళ్లి ఒక స్టీలు స్టాండు తెచ్చుకోండి. ఇంట్లో ఆడవాళ్లకు ఇబ్బందే, నాకు తెలుసు, వాళ్లకు లెక్క మొత్తం చూపించి చెప్పండి. ఈ దసరా బోనస్‌లో ఒక్క రూపాయి కూడా కిచెన్ వైపు పోకూడదు, మొత్తం కొత్త ఎఫ్‌డీలోకి వెళ్లాలి. మిగిలే 2,450కి ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) మొదలుపెట్టండి. 13 నెలల తర్వాత కార్డు ఈఎంఐ తీరగానే ఆ 4,850 కూడా అందులోనే కలపండి. ముందు లక్షన్నర చేరాలి, తర్వాత ఆరు నెలల ఖర్చు. ఆ లక్షన్నర చేరేదాకా వార్డ్‌రోబ్, కొత్త ఫోన్ లాంటివి ఏవీ వద్దు.

బంగారం లోన్, ఎల్ఐసీ పాలసీ మీద లోన్ పర్సనల్ లోన్ కన్నా చౌక. కానీ కిచెన్ కోసం అవి కూడా వద్దు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఒక్కటే ఉందన్నారు, అందులో నాన్నగారి పేరు ఉందో లేదో హెచ్ఆర్‌ను అడగండి.

కాంట్రాక్టర్ 35,000 కాగితంతో మళ్లీ వస్తే సంతకం పెట్టకండి. ఐఎస్ 710 ముద్ర ఉన్న షీట్లు మీ కళ్లముందు దింపి, కింది క్యాబినెట్లన్నీ తన ఖర్చుతో మార్చి, బిల్లు ఇస్తానని రాసిస్తే మాత్రం ఒప్పుకోండి. కేసుకన్నా అది మేలు. పాత చెక్కలో రెండు ముక్కలు కోయించి, కవర్‌లో చుట్టి మీ దగ్గరే దాచండి, పని పూర్తయి బిల్లు చేతికి వచ్చేవరకూ.