రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ టైగర్ ట్యాంకు నమూనా చరిత్రకు తగ్గట్టు రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రంగు డబ్బా తెరిచే ముందే ఒక తేదీ, ఒక యుద్ధరంగం ఖాయం చేసుకోండి. ఉత్తి ‘టైగర్’ అనుకుంటే తప్పులు తప్పవు. ఉదాహరణకు 1943 జూలైలో రష్యాలో జర్మన్, సోవియట్ సేనల మధ్య జరిగిన కుర్స్క్ యుద్ధం తీసుకుందాం. అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా ట్యాంకుకు పూసే జిమ్మెరిట్ అనే గీతల గరుకు పూత అప్పటికింకా రాలేదు. ఆ గీతలు చూడముచ్చటగా ఉంటాయని చాలామంది కుర్స్క్ టైగర్‌కూ పూసేస్తారు. నేనూ ఒకసారి పూసి, తర్వాత రెండు రాత్రులు కూర్చుని గీకాను. చక్రాలూ అంతే. ఉక్కు అంచు చక్రాలు 1944లో వచ్చాయి, కుర్స్క్ నాటివాటికి రబ్బరు అంచే ఉండాలి. జర్మన్ ట్యాంకుల మూలరంగు 1943 ఫిబ్రవరిలో ముదురు బూడిద నుంచి ముదురు పసుపుకు మారింది.

నమూనా కిట్ (విడిభాగాల సెట్) పెట్టె మీది బొమ్మను నమ్మకండి. ఆనాటి ఫొటోలు, అవీ అదే దళానివి, వెతకండి. మ్యూజియం ట్యాంకుల్లో చాలావాటికి తర్వాత మళ్లీ రంగు వేశారు కాబట్టి ఆకారానికి అవి పనికొస్తాయి, రంగుకు అంతగా కాదు. 1943లో ట్యునీషియాలో బ్రిటిష్ సేనలకు చిక్కిన టైగర్ 131 ఇప్పుడు ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్‌లో ఉంది. తొలినాటి చక్రాల అమరికకు దాన్ని చూడండి.

కొలతలో 1/35 అంటే 35 మిల్లీమీటర్లు ఒక మిల్లీమీటరు అవుతాయి. కిట్‌లోని బురద రెక్కల అంచులు ఆ లెక్కన మరీ మందం, వెనకవైపు నుంచి అరగదీయండి.